రెడ్ లిస్ట్ సైట్‌కి రెండు పరీక్షలు: ఒక లైకెన్, ఒక కుందేలు

మా మేనకోడలికి పదకొండేళ్లు. సెలవుల్లో ఆడుకోవడానికి ప్రాణుల కార్డులు కావాలని పట్టుబట్టింది. ఆట చాలా సులువు. ఇద్దరూ చెరో కార్డు తిప్పాలి. ఏ ప్రాణి అంతరించిపోయే ప్రమాదం ఎక్కువైతే ఆ కార్డు నెగ్గినట్టు. బొమ్మలు గీయడం తన వంతు, పేరూ వర్గీకరణా ప్రమాదస్థాయీ రాయడం నా వంతు. డిగ్రీలో బోటనీ చదివి, తర్వాత ఇరవయ్యేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నదాన్ని కాబట్టి ఈ పని నాకు తేలికే అనుకున్నాను. దానికోసం ఐయూసీఎన్ (ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంఘం) వారి రెడ్ లిస్ట్, అంటే ఏ ప్రాణి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే జాబితా, వెబ్‌సైట్‌ని మూడు వారాల పాటు రోజూ వాడాను. ఈ సమీక్ష దాని గురించే.

మొదటి రోజు తను తిప్పింది కుందేలు, నేను తిప్పింది లైకెన్, అంటే రాళ్ల మీదా చెట్ల బెరడు మీదా అంటుకుని పెరిగే రాతిపువ్వు.

"అత్తా, నీది గోడ మీద మరకలా ఉంది. అది నా కుందేలుని ఎలా ఓడిస్తుంది?"

నా బొమ్మ కూడా తనే గీసింది, కాబట్టి మరకలా ఉండటంలో నా తప్పు లేదు. కానీ ప్రశ్న మంచిది. లైకెన్‌నీ కుందేలునీ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ ప్రమాదంలో ఉందో ఒకే కొలతతో చెప్పడం కుదిరే పనేనా? కుదురుతుందనే ఈ సైట్ అంటుంది. ప్రతి ప్రాణి పేజీ పైన గుండ్రటి గుర్తుల వరస ఉంటుంది, ప్రతి గుర్తులో రెండు ఇంగ్లిష్ అక్షరాలు. ఒక చివర 'ఎల్‌సీ', అంటే ప్రస్తుతానికి కంగారు లేదు. ఇంకో చివర 'ఈఎక్స్', అంటే ఇక లేదు. మధ్యలో ప్రమాదం పెరిగే వరసలో ఎన్‌టీ (ప్రమాదానికి దగ్గర్లో ఉంది), వీయూ (ప్రమాదంలో ఉంది), ఈఎన్ (పెద్ద ప్రమాదంలో ఉంది), సీఆర్ (అతి పెద్ద ప్రమాదంలో ఉంది), ఈడబ్ల్యూ (అడవిలో లేదు, మనుషుల పెంపకంలోనే మిగిలింది). ఏనుగుకైనా నాచుకైనా అదే వరస. 1964లో మొదలైన ఈ జాబితాలో 2025 నాటికి 1,69,000కు పైగా జాతులు చేరాయి. వాటిలో 47,000కు పైగా ప్రమాదంలో ఉన్నట్టు లెక్క.

ఇక్కడ మా ఇద్దరి నిజాయితీ గురించి కూడా చెప్పుకోవాలి. తను మొదట గీసింది మామూలు చెవులపిల్లి, పొడవాటి చెవులు, పొడవాటి వెనకకాళ్లు. సైట్‌లో చూస్తే మన దేశంలో పొలాల గట్ల మీద కనిపించే ఆ కుందేలుకి ఎల్‌సీ అని ఉంది. ఆటలో అన్నిటికంటే బలహీనమైన కార్డు. ముఖం చిన్నబుచ్చుకుని, అరగంట సైట్‌లో వెతికి, ఈఎన్ ఉన్న ఇంకో కుందేలుని పట్టుకొచ్చింది. ఇక నేనెందుకు ఊరుకుంటాను? సీఆర్ ఉన్న లైకెన్‌ని వెతికి తెచ్చాను. అంటే మా ఇద్దరిలో ఎవరి కార్డూ చీటీ తీసి ఎంచుకున్నది కాదు. చదివేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

తన కుందేలు శాస్త్రీయనామం కాప్రోలేగస్ హిస్పిడస్. హిమాలయాల పాదాల దగ్గర ఉత్తర భారతం, నేపాల్, అస్సాం వైపున్న ఎత్తైన గడ్డిమైదానాల్లో ఉంటుంది. హిస్పిడస్ అంటే లాటిన్‌లో గరుకు వెంట్రుకలది అని. ముదురు గోధుమరంగు బొచ్చు పందికి ఉన్నట్టు బిరుసుగా ఉంటుంది. చెవులు పొట్టి. చెవులు పొట్టి అని చదివి వినిపించగానే పిల్ల రబ్బరు తీసుకుని చెవులు సగానికి చెరిపేసింది. దాంతో ఆ బొమ్మ గినీ పందిలా తయారైంది.

నా లైకెన్ పేరు ఎరియోడెర్మా పెడిసెల్లాటమ్. ఇంగ్లిష్‌లో దీన్ని బోరియల్ ఫెల్ట్ లైకెన్ అంటారు. అరచేతిలో పట్టేంత ఉండే బూడిద గోధుమరంగు ఆకులాంటి ముద్ద. తడిస్తే నీలి ఛాయ వస్తుంది. పైభాగమంతా సన్నటి నూగు, అంచులు పైకి మడుచుకుని అడుగునున్న తెలుపు కనిపిస్తూ ఉంటుంది. ఎరియోడెర్మా అంటే గ్రీకులో ఉన్ని చర్మం అని అర్థం. పేర్లు చూస్తే ఈ రెండు ప్రాణుల పోలిక ఒక్కటే, ఇద్దరివీ వెంట్రుకల పేర్లు.

వర్గీకరణ పెట్టె

పేజీలో ముందు కనిపించేది వర్గీకరణ. కుందేలు పేజీలో అది చాలా శుభ్రంగా ఉంది. జంతు రాజ్యం, కార్డేటా వర్గం, క్షీరదాల తరగతి, లేగోమార్ఫా క్రమం, లెపోరిడే కుటుంబం, కాప్రోలేగస్ ప్రజాతి (జీనస్, దగ్గరి జాతుల గుంపు). ఈ చివరి మాట దగ్గర ఆగాలి. ఇంగ్లిష్‌లో దీన్ని 'హేర్' అంటున్నారు గానీ, అసలైన హేర్‌లన్నీ లెపస్ ప్రజాతికి చెందినవి. ఇది ఆ ప్రజాతిలో లేదు. తన ప్రజాతిలో ఇదొక్కటే ఉంది, తోడబుట్టినవాళ్లు లేరు. 1839లో పియర్సన్ మొదటిసారి వర్ణించినప్పుడు లెపస్‌లోనే వేశాడు, 1845లో బ్లిత్ దాన్ని బయటికి తీసి వేరే ప్రజాతి కట్టాడు. దీన్ని ఇంగ్లిష్‌లో అస్సాం రాబిట్ అని పిలిచేవాళ్లు కూడా ఉన్నారు. హేరా రాబిట్టా అని వాళ్లు కొట్టుకుంటారు. మనకి ఆ గొడవ లేదు, రెండూ కుందేళ్లే. ఈ విషయంలో తెలుగు ఎంత సుఖమో ప్రూఫులు దిద్దేవాళ్లకి తెలుస్తుంది.

లేగోమార్ఫా అనే మాట కూడా పాఠ్యపుస్తకాల్లో గబగబా దాటేసేదే. కుందేళ్లని చాలాకాలం ఎలుకలతో కలిపి చూశారు. ప్రాణుల వర్గీకరణకి పునాది వేసిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో వాటిని ఎలుకలు, ఉడతలు ఉన్న గుంపులోనే పెట్టాడు. 1912లో గిడ్లీ అనే శాస్త్రవేత్త ఇవి వేరే క్రమం అని విడదీశాడు. గుర్తు పళ్లలో ఉంది. కుందేలుకి పై దవడలో ముందరి రెండు పళ్ల వెనకాల మేకుల్లాంటి ఇంకో రెండు చిన్న పళ్లు ఉంటాయి, ఎలుకకి ఉండవు. ఇది చెప్పగానే మా పిల్ల కార్డు మీద నాలుగు పళ్లూ గీయాలంది. వెనకున్న పళ్లు ముందునుంచి కనబడవని ఎంత చెప్పినా వినలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం.

లైకెన్ పేజీకి వస్తే పెట్టె పైకి అంతే శుభ్రంగా కనిపిస్తుంది. శిలీంధ్ర రాజ్యం (బూజులు, పుట్టగొడుగులు ఉండేది), ఆస్కోమైకోటా వర్గం, లెకనోరోమైసీటిస్ తరగతి, పెల్టిజెరేల్స్ క్రమం, పనారియేసీ కుటుంబం. అన్నీ సరైనవే. కానీ ఇందులో చెప్పనిది సగం ఉంది. లైకెన్ అంటే ఒక ప్రాణి కాదు, ఒక కాపురం. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, లోపల కాపురమున్న శైవలమో (ఆల్గే) సయనోబాక్టీరియానో వంట చేస్తుంది. 1860ల చివర్లో ష్వెండెనర్ అనే స్విస్ వృక్షశాస్త్రవేత్త ఈ మాట మొదట చెప్పినప్పుడు లైకెన్ల మీద పనిచేసే పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ కాపురంలో మూడో మనిషి కూడా ఉన్నాడంటున్నారు. కొన్ని లైకెన్ల పైపొరలో వేరే రకం ఈస్టు శిలీంధ్రాలు ఉన్నట్టు 2016లో బయటపడింది.

ఈ ఫెల్ట్ లైకెన్‌లో వంట చేసేది సయనోబాక్టీరియా. మేం చదువుకున్నప్పుడు దాన్నే నీలి ఆకుపచ్చ శైవలం అనేవాళ్లు. అది కిరణజన్య సంయోగక్రియ చేస్తుంది, పైగా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కూడా. మరి ఆవిడ పేరు పెట్టెలో ఎక్కడ? ఉండదు. నామకరణ నియమావళి ప్రకారం లైకెన్‌కి పెట్టిన పేరు దానిలోని శిలీంధ్రానికి మాత్రమే చెందుతుంది. ఇది రెడ్ లిస్ట్ తప్పు కాదు, అంతర్జాతీయ నియమం. అయినా పేజీ మొదట్లో ఒక్క వాక్యం పెట్టి ఉంటే ఏం పోయేది? సైన్సు చదవనివాళ్లు ఆ పెట్టె చూసి లైకెన్ అంటే పుట్టగొడుగుకి చుట్టం అనుకుని వెళ్లిపోతారు. అది నిజమే గానీ సగం నిజం.

లైకెన్‌ని తెలుగులో రాతిపువ్వు అన్నారు. అది పువ్వూ కాదు, ఎప్పుడూ రాతి మీదే ఉండేదీ కాదు. ఈ ఫెల్ట్ లైకెన్ చెట్ల బెరడు మీద ఉంటుంది. లిన్నేయస్ 1753లో లైకెన్లన్నిటినీ ఒకే ప్రజాతిగా కట్టి శైవలాల కింద పడేశాడు. అంటే మా రెండు కార్డులనీ ఆ మహానుభావుడు తప్పు అరలోనే పెట్టాడన్నమాట, ఒకదాన్ని ఎలుకలతో, ఒకదాన్ని శైవలాలతో. ఇది నేను చెప్పగానే మా పిల్లకి ఆయన మీద గౌరవం తగ్గింది. నాకు తగ్గలేదు. మైక్రోస్కోపు సరిగ్గా లేని రోజుల్లో అంత పని చేసినవాడు.

ఈ పోలిక చేస్తున్నప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి సైట్‌లో ఎక్కడా లేదు, రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టుకుంటే తడుతుంది. శిలీంధ్రాలు మొక్కల కంటే జంతువులకే దగ్గరి చుట్టాలు. 1993 నుంచి జన్యు పరిశోధనలు ఈ మాటే చెబుతూ వస్తున్నాయి. కాబట్టి లైకెన్‌లో ఇల్లు కట్టిన శిలీంధ్రానికి తను అంటిపెట్టుకున్న చెట్టు కంటే ఆ చెట్టు కింద గెంతే కుందేలే దగ్గరి బంధువు. లోపల వంట చేసే సయనోబాక్టీరియా మాత్రం ఈ ముగ్గురికీ ఎంతో దూరం. కణంలో కేంద్రకం కూడా లేని జీవి అది. ఒకే ముద్దలో ఇంత దగ్గరి చుట్టమూ, అంత దూరపు చుట్టమూ ఉన్నారు. ఏ పెట్టె సరిపోతుంది దానికి?

ప్రూఫులు దిద్దేదాన్ని కాబట్టి ఇంకో చిన్న మాట చెప్పకుండా ఉండలేను. కుందేలు పేరు తర్వాత 'పియర్సన్, 1839' అని బ్రాకెట్లో ఉంటుంది. లైకెన్ పేరు తర్వాత బ్రాకెట్లో 'హ్యూ' అని, బ్రాకెట్ బయట యోర్గెన్‌సెన్ పేరు కుదించి ఉంటుంది. మొదట అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదట. జంతువులకి ఒక నియమావళి, మొక్కలు శైవలాలు శిలీంధ్రాలకి ఇంకో నియమావళి. రెండింట్లోనూ బ్రాకెట్ అంటే మొదట పేరు పెట్టినాయన వేరే ప్రజాతిలో పెట్టాడని అర్థం. జంతువుల వాళ్లు సంవత్సరం రాస్తారు, ప్రజాతి మార్చినవాడి పేరు రాయరు. లైకెన్ల వాళ్లు మార్చినవాడి పేరు కూడా రాస్తారు. సైట్ ఈ తేడాని తు.చ. తప్పకుండా పాటించింది. ఈ ఒక్క విషయానికి ఐదుకి ఐదు ఇస్తాను.

ప్రమాదస్థాయి

ఆటలో నెగ్గింది నేనే. లైకెన్ సీఆర్, అంటే క్రిటికల్లీ ఎన్‌డేంజర్డ్, ఇక ఒక్క అడుగు దూరంలో ఉంది అన్నట్టు. కుందేలు ఈఎన్, దానికంటే ఒక మెట్టు నయం. పిల్ల ఒప్పుకోలేదు.

"ఎవరు లెక్కపెట్టారు? ఎలా లెక్కపెట్టారు?"

ఈ ప్రశ్నకి సమాధానం సైట్‌లో ఉంది, కానీ దొరికించుకోవడానికి ఓపిక కావాలి. ప్రతి జాతికీ ఏ, బీ, సీ, డీ, ఈ అని ఐదు కొలమానాలు. ఐదింట్లో ఏ ఒక్కదానికి సరిపోయినా చాలు. ఏ అంటే జనాభా ఎంత పడిపోయింది అని. పదేళ్లలోనో మూడు తరాల్లోనో, ఏది ఎక్కువైతే ఆ కాలంలో, 80 శాతమో అంతకు పైనో పోతే సీఆర్. 50 శాతమైతే ఈఎన్, 30 అయితే వీయూ. కారణాలు తెలిసి, ఆగిపోయిన చోట గీతలు ఇంకొంచెం పైకి జరుగుతాయి. బీ అంటే ఎంత జాగాలో బతుకుతోంది అని. నిజంగా ఉంటున్న చోటు 500 చదరపు కిలోమీటర్ల కంటే తక్కువై, అది ముక్కలు ముక్కలై, తగ్గుతూ కూడా ఉంటే ఈఎన్. 10 చదరపు కిలోమీటర్ల లోపైతే సీఆర్. డీ అంటే ఉన్నవే కొద్ది అని, పెద్దయిన ప్రాణులు 50 లోపుంటే సీఆర్, 250 లోపుంటే ఈఎన్. మూడు నాలుగు సార్లు చదివాక ఇది ఇన్‌కమ్ టాక్స్ శ్లాబుల్లా అలవాటైపోతుంది.

పేజీలో స్థాయి పక్కనే ఏ కొలమానం కింద వచ్చిందో చిన్న సంకేతం ఉంటుంది, ఆ అక్షరం పక్కన ఇంకో అంకె, బ్రాకెట్లో రోమన్ అంకెలు. దాని మీద నొక్కితే మామూలు మాటల్లో అర్థం చెప్పే ఏర్పాటు ఉంటే బాగుండేది. ఆ కొలమానాల పత్రం వేరే చదువుకుని వచ్చి మళ్లీ ఇక్కడ పోల్చుకోవాలి. పెద్దవాళ్లం మనం చేస్తాం, పదకొండేళ్ల పిల్ల చేయదు.

సరే, కొలమానాలు ఒకటే. మరి లెక్కించే వస్తువు? ఇక్కడే లైకెన్ అంత తేలిగ్గా లొంగదు. కుందేలు ఒకటి అంటే ఒకటే. దాని లెక్క కూడా ఎక్కువగా అది కనబడటం వల్ల రాదు, గడ్డిలో వదిలిన పెంటికలు చూసి వేస్తారు. అయినా చివరికి ఒక కుందేలు ఒక ప్రాణే. లైకెన్ మరి? చెట్టు కాండం మీద పక్కపక్కన అంటుకున్న ముద్దల్లో ఒకటి ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందో ఎలా చెబుతాం? ఒక ముద్దని ఒక ప్రాణి కింద లెక్కపెట్టడం ఆచారం. ఆ లెక్కతోనే అటవీశాఖల వాళ్లూ పరిశోధకులూ చెట్టు చెట్టూ తిరిగి ముద్దలు లెక్కపెడుతున్నారు. ఈ పనికి ఎంత ఓర్పు కావాలో తలుచుకుంటే నా ప్రూఫుల పని ఏపాటిదనిపిస్తుంది.

ఈ ఫెల్ట్ లైకెన్‌కి సీఆర్ ముద్ర 2003లో పడింది. ఒకప్పుడు నార్వే, స్వీడన్, కెనడా తూర్పు తీరంలో ఉండేది. స్వీడన్‌లో పోయింది. కెనడాలో న్యూ బ్రన్స్‌విక్‌లో పోయింది, నోవా స్కోషియాలో కొద్దిగా మిగిలింది, ఎక్కువగా మిగిలింది న్యూఫౌండ్‌లాండ్ దీవిలో బాల్సం ఫర్ చెట్ల మీద. దీనికి వేర్లు లేవు, ఆకుల మీద ఉండే మైనం పొర లాంటిదీ లేదు. తడి, తిండి అన్నీ గాలి నుంచీ వాన నుంచీ నేరుగా పీల్చుకోవాలి. గాలిలో ఏముంటే అది లోపలికి పోవాల్సిందే. బొగ్గు పొగలోని గంధకం వల్ల వాన ఆమ్లమైతే ముందు దెబ్బతినేది లోపలున్న సయనోబాక్టీరియా. వంటమనిషి పడిపోతే ఇల్లు నిలవదు కదా. దీనికి తోడు చుట్టూ అడవి నరికేస్తే తేమ పోతుంది. న్యూఫౌండ్‌లాండ్‌లో ఇంకో తమాషా ఉంది. 1904లో ఆ దీవికి మూస్ అనే పెద్ద దుప్పుల్ని తెచ్చి వదిలారు. అవి పెరిగి పెరిగి, ఇప్పుడు ఫర్ మొక్కల్ని మొలకలప్పుడే మేసేస్తున్నాయి. రేపు లైకెన్ అంటుకోవడానికి చెట్టు ఉండాలి కదా అని అక్కడివాళ్ల టెన్షన్. గాలి పాడైందని మాత్రమే అనుకున్న నాకు ఈ దుప్పుల సంగతి కొత్త.

కుందేలుకి వచ్చిన ప్రమాదం వేరు. ఎత్తైన గడ్డి ఉన్నంతకాలం అది బతుకుతుంది. ఆ మైదానాలు సేద్యంలోకి పోయాయి. మిగిలిన చోట్ల పొడికాలంలో గడ్డి కోస్తారు, మంట పెడతారు. కొత్త చిగురు రావడానికి మంట కొంత అవసరమే, కానీ ఒకేసారి మొత్తం తగలబెడితే కుందేలు దాక్కోవడానికి చోటుండదు. అది నదుల ఒడ్డున చిత్తడి గడ్డిలోకి పారిపోతుంది. మరుగుజ్జు పంది అనే ఇంకో అరుదైన జంతువుకి కూడా ఈ గడ్డే ఇల్లు.

కథలు వేరైనా రెండింటికీ ఒక చోట జాతకం కలిసింది. ఈ కుందేలు ఇక లేదేమో అనుకుంటుండగా 1971లో అస్సాంలో మళ్లీ కనిపించింది. నేపాల్‌లోని చిత్వన్ పార్కులో 1984 తర్వాత జాడ లేక, 2016 జనవరిలో మళ్లీ దొరికింది. లైకెన్ కూడా అంతే. సీఆర్ ముద్ర పడ్డ తర్వాత అలాస్కాలోని డెనాలి నేషనల్ పార్కులో బయటపడింది, ఆపైన రష్యాలోని కమ్చట్కాలో కూడా. పరుగెత్తే కుందేలు దాక్కుందంటే సరే. చెట్టుకి అంటుకుని కదలకుండా కూర్చున్న లైకెన్ ఇన్నాళ్లూ ఎలా కనబడలేదు? అక్కడికి వెళ్లి బెరడు మీద భూతద్దం పెట్టి చూసినవాళ్లు లేరు, అంతే.

స్థాయి అంటే ఒక తేదీన తీసిన ఫొటో. పదేళ్లు దాటిన మదింపుల మీద 'మళ్లీ చూడాలి' అనే అర్థంలో ఒక గమనిక పెట్టే పద్ధతి ఈ సైట్‌కి ఉంది. అది మెచ్చుకోవాల్సిన నిజాయితీ. కానీ ఆ మాట చిన్న అక్షరాల్లో, రంగు గుండ్రం మాత్రం పెద్దగా ఉంటాయి. చూసేవాళ్ల కన్ను గుండ్రం మీదే పడుతుంది. మా కార్డుల మీద స్థాయి పక్కనే సంవత్సరం కూడా అంతే సైజులో రాశాను.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ స్థాయి ప్రపంచం మొత్తానికి చెప్పేది, అది చట్టం కాదు. కుందేలు విషయంలో మన వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉంది, అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధమున్న సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలోనూ ఉంది. ఇక్కడ అన్నీ ఒకే మాట చెబుతున్నాయి. లైకెన్ విషయంలో అలా కాదు. కెనడా నిపుణుల సంఘం అట్లాంటిక్ వైపు లైకెన్లని ఎన్‌డేంజర్డ్ అని, న్యూఫౌండ్‌లాండ్ వాటిని మాత్రం ప్రత్యేకంగా కనిపెట్టి చూడాల్సినవి అని అంతకంటే చాలా కింది మెట్టు మీద పెట్టింది. ప్రపంచ జాబితాలో సీఆర్, ఒక దీవిలో దానికంటే ఎంతో నయం. రెండూ అబద్ధాలు కావు. ఒక్క గుండ్రం చూసి వార్త రాసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

పేజీ లేని ప్రాణులు

సైట్ మీద నా అసలు ఫిర్యాదు ఇది. మా పిల్ల ఇంకో నాలుగు లైకెన్లకి కార్డులు చేద్దామంది. పాత రికార్డు పుస్తకం తీసి, ఒకప్పుడు నేను బొమ్మలేసిన లైకెన్ల పేర్లు ఒక్కొక్కటే కొట్టాను. పార్మెలియా, అస్నియా, గ్రాఫిస్ జాతులు. చాలావాటికి ఏమీ దొరకలేదు. పేజీయే లేదు.

"లేదంటే దానికి ప్రమాదం లేనట్టేగా?" అంది పిల్ల.

కాదు. ఇందాక చెప్పిన గుర్తులు కాక 'ఎన్ఈ' అని ఇంకొకటుంది, ఇంకా ఎవరూ మదింపు చేయలేదు అని. అలాంటి జాతులకి సైట్‌లో పేజీ ఉండదు, వెతికితే ఖాళీ వస్తుంది. ఎల్‌సీ అంటే చూసి, పర్వాలేదన్నారని అర్థం. ఎన్ఈ అంటే అసలు చూడలేదని. ఈ రెండింటికీ ఉన్న తేడా భూమికీ ఆకాశానికీ ఉన్నంత. కానీ ఆ ఖాళీ పేజీ మీద ఆ తేడా చెప్పే ఒక్క ముక్క ఉంటే పిల్లలు పొరబడరు.

ఎంత ఖాళీ ఉందో లెక్క చూడండి. క్షీరదాలు మొత్తం 6,500 దాటి ఉన్నాయి, వాటిలో చాలావాటికి మదింపు జరిగింది. పేరు పెట్టిన శిలీంధ్రాలు 1,50,000 దాటి ఉన్నాయి, లైకెన్లు అందులో ఓ 20,000 ఉంటాయని అంచనా. 2025 మార్చి నాటికి మదింపు జరిగిన శిలీంధ్రాలు, లైకెన్లతో కలిపి, 1,300. వాటిలో కనీసం 411 ప్రమాదంలో ఉన్నాయి. ఇదీ ఈ మధ్య పుంజుకున్నదే. 2003లో రెండు లైకెన్లతో మొదలైంది, ఒకటి నా ఫెల్ట్ లైకెన్, రెండోది ఫ్లోరిడా ఇసుక నేలల్లో పెరిగే క్లాడోనియా పెర్ఫొరాటా. ఆ రెండోదాన్ని 1995లో ఓపల్ తుపాను చాలా చోట్ల ఊడ్చేసింది. 2006లో సిసిలీలోని ఒక పుట్టగొడుగు చేరింది. ఆ మూడింటితోనే ఏళ్ల తరబడి గడిచింది. 2013లో శిలీంధ్రాల కోసం ప్రత్యేకంగా ఒక ప్రయత్నం మొదలయ్యాక గానీ వేగం రాలేదు.

కాబట్టి కుందేలు కార్డు, లైకెన్ కార్డు ఒకే కొలతతో పోల్చవచ్చా అంటే, పేజీ ఉన్నంతవరకూ పోల్చవచ్చు. పేజీ వెనక ఎంతమంది వెతికారు అన్నది మాత్రం పోల్చలేం. కుందేలు వెనక కెమెరాలు, పార్కులు, ప్రాజెక్టులు ఉన్నాయి. లైకెన్ వెనక భూతద్దం పట్టుకున్న కొద్దిమంది ఉన్నారు.

నా మార్కులు

జంతువులకి వాడుకునేవాళ్లకి ఐదుకి నాలుగున్నర. సమాచారం నమ్మదగినది, ఎవరు ఎప్పుడు మదింపు చేశారో పేరుతో సహా ఉంటుంది, చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. అర మార్కు కోసింది సంకేతాల గందరగోళానికి.

లైకెన్ల కోసం వెళ్లేవాళ్లకి మూడు. ఉన్న పేజీలు బాగున్నాయి. లేనివి చాలా ఎక్కువ, లేవని సరిగ్గా చెప్పకపోవడం ఇంకా పెద్ద లోపం. వర్గీకరణ పెట్టెలో సహజీవి ప్రస్తావన లేకపోవడానికి నేను ఇంకో అర మార్కు కోద్దామనుకున్నాను గానీ, నియమావళిని తిట్టాల్సింది సైట్‌ని తిడుతున్నానేమో అని వదిలేశాను.

తెలుగులో ఒక్క పేజీ లేదు. అది కావాలంటే మనమే రాసుకోవాలి. నేను నలభై రెండు కార్డులు రాశాను, ఎవరికైనా ప్రూఫులు చూసే ఓపిక ఉంటే పంపుతాను.

ఆటలో చివరికి నియమం మార్చాల్సి వచ్చింది. పేజీ దొరకని ఆ నాలుగు లైకెన్లకి కూడా పిల్ల బొమ్మలు గీసేసింది, పారేయనంటుంది. వాటి మీద స్థాయి రాయాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టింది. ఆ కార్డు వస్తే ఇద్దరూ ఆట ఆపి సైట్ తెరిచి మళ్లీ వెతకాలట, పేజీ వచ్చి ఉంటే అందులో ఉన్న స్థాయి లెక్క, రాకపోతే కార్డుని తిరిగి కట్టలో అడుగున పెట్టాలి. నిన్న రాత్రికి అస్నియా మూడుసార్లు అడుక్కి వెళ్లింది.